ఆపమన్న చోటు

“ఆడవాళ్ళు ఆడవాళ్ళ దగ్గరే నోరు విప్పుతారు. నువ్వే అడుగు,” అన్నాడు స్తెర్యోస్.

లాంబ్రినీ అప్పుడు వంటింటి బల్ల మీద పిండి పొరలు ఒత్తుతోంది. ఆకుకూర, జున్ను పెట్టి కాల్చే రొట్టెకి పొర ఎంత పలచగా ఉంటే అంత మంచిది. అతను కొత్తగా కొన్న టేప్ రికార్డర్ తెచ్చి సరిగ్గా ఒత్తిన పొర మీద పెట్టాడు. పొర చిరిగింది. అతను చూడలేదు. మిషన్‌కి పిండి అంటకుండా చూసుకోమని మాత్రం చెప్పి మెట్లెక్కి పోయాడు. ఆమె చిరిగిన పొరను ముద్ద చేసి మళ్ళీ ఒత్తింది.

అడగాల్సింది అసిమీనాని. అసిమీనా స్తెర్యోస్‌కి మేనత్త, చనిపోయిన తండ్రికి చెల్లెలు. పెళ్ళి కాలేదు. పొయ్యి వెనక గదిలో ఉంటుంది. ఆ గదికీ స్తెర్యోస్ రాసుకునే గదికీ మధ్య ఉన్నది ఒక వంటిల్లూ, కొన్ని మెట్లూ. రోజుకు ఒకసారి “తిన్నావా అత్తా?” అంటాడు. జవాబు వచ్చేసరికి అక్కడ ఉండడు.

బడిపంతులు ఉద్యోగం నుంచి దిగాక స్తెర్యోస్ చరిత్ర రాయడం మొదలుపెట్టాడు. పెత్రోవ్రిసి ఊరూ, గ్రీసు అంతర్యుద్ధమూ. మగవాళ్ళ దగ్గరికి తనే వెళ్ళేవాడు. కాఫీ కొట్లో కూర్చుంటే వాళ్ళు ఎవరు ఎవరిని కాల్చారో చెప్పేవాళ్ళు. వాళ్ళలో సగం మంది అప్పుడు అక్కడ లేరు. ఆడవాళ్ళ దగ్గరికి వెళితే పని జరగలేదు. మాస్టారు వచ్చారని కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఈ ఏడు మంచు ఎక్కువ పడిందని చెప్పి పంపేసేవాళ్ళు. అందుకని లాంబ్రినీని పంపాడు. ఆమె చిక్కుడుకాయల బుట్ట పట్టుకుని పోయేది. చేతికి పని ఉంటే ఆ ఊరి ఆడవాళ్ళ నోరు దానంతటదే తెరుచుకుంటుంది. గింజలు వలుస్తూ ఎవరి కొడుకుని ఏ బావిలో పడేశారో చెప్పేవాళ్ళు. ఆమె అదంతా తలలో మోసుకుని ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకముందే అతనికి అప్పజెప్పేది. అతను రాసుకునేవాడు. రాసింది మర్నాడు ఆమే టైపు చేసేది. టైపు చేస్తున్నప్పుడు చూసింది, ప్రతిచోటా ‘గ్రామ వర్గాల కథనం ప్రకారం’ అని ఉంది. గ్రామ వర్గాలంటే చిక్కుడుకాయల బుట్ట. ముందుమాటలో కాఫీ కొట్టు యజమానికీ, జిల్లా గ్రంథాలయానికీ కృతజ్ఞతలు చెప్పాడు. చివర్న ‘నా ఇంటివారి ఓపికకు’ అని ఒక ముక్క. ఆ ముక్క కూడా ఆమే టైపు చేసింది.

ఆ ఇంటి తగాదా కొండకి ఇటూ అటూ అందరికీ తెలుసు. యుద్ధంలో అన్నదమ్ములు చెరో వైపు పోయారు. పెద్దవాడు ఆర్గిరిస్, స్తెర్యోస్ తండ్రి, ప్రభుత్వ సైన్యానికి కొండదారులు చూపించాడు. చిన్నవాడు లాజోస్ తిరుగుబాటు దళంలో చేరాడు. గ్రామోస్ కొండ మీద ఒకరి వైపు ఒకరు కాల్చుకున్నారు. ఎవరి గుండూ ఎవరికీ తగల్లేదు. తగిలుంటే ఒక్క పుస్తకమే వచ్చి ఉండేది. ఓడిపోయిన లాజోస్ సరిహద్దు దాటి తాష్కెంట్ చేరి అక్కడే పోయాడు. గెలిచిన ఆర్గిరిస్ ముసలితనంలో జ్ఞాపకాలు రాసి సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. తన తమ్ముడి ముఠా పద్దెనిమిదేళ్ళ చెల్లెల్ని జుట్టు పట్టుకుని ఇంట్లోంచి ఈడ్చుకుపోయిందని అందులో రాశాడు. కొన్నేళ్ళకి లాజోస్ కొడుకు కిమోన్ తాష్కెంట్ నుంచి తిరిగొచ్చి సలోనికా నగరంలో కాపురం పెట్టి తన తండ్రి జ్ఞాపకాలు అచ్చు వేశాడు. చెల్లెలు తనంతట తానే కొండెక్కి తుపాకీ పట్టిందని అందులో ఉంది. రెండు పుస్తకాలూ ఊరి పేరు తప్ప ఇంకెక్కడా ఏకీభవించవు. కాని పీక పట్టుకునేది ఆ ఒక్కచోటే. పిల్లని ఎత్తుకుపోయారా, పిల్లే పోయిందా? ఎత్తుకుపోతే లాజోస్ దుర్మార్గుడు. పిల్లే పోతే ఆర్గిరిస్ అబద్ధాలకోరు.

ఊరికి మూడో తీర్పు ఉంది. అసిమీనా రెండు నాలుకల మనిషి. సైన్యం పట్టుకున్నప్పుడు ఒకటి చెప్పింది, కిమోన్ వచ్చి అడిగితే ఇంకోటి చెప్పింది.

స్తెర్యోస్ పుస్తకం ఆ నోళ్ళన్నీ మూయించాలి. ఆగస్టులో మేరీమాత పండక్కి ఊరివాళ్ళు ఏథెన్సు నుంచీ జర్మనీ నుంచీ వస్తారు. అప్పుడు బడి హాల్లో సభ. కిమోన్ కూడా వస్తానన్నాడు. అందరి ముందూ అసిమీనా గొంతే వినిపిస్తే ఇక మాట్లాడేదేముంది?

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలు తోమాక లాంబ్రినీ చిక్కుడుకాయలు బల్ల మీద పోసింది. రికార్డర్ పక్కన పెట్టి మీట నొక్కింది. అసిమీనా వచ్చి ఎదురుగా కూర్చుని ఒక కాయ తీసుకుంది.

“అత్తా, స్తెర్యోస్ అడగమన్నాడు.”

“అడగమన్నాడా? వాడెక్కడ?”

“పై గదిలో.”

“మెట్లు దిగితే అరిగిపోతాడా?” అని ఆ డబ్బా వైపు చూసింది. “ఇది వింటుందా ఇప్పుడు?”

“వింటుంది.”

“ఈ ఇంట్లో వినేది ఒకటొచ్చింది అయితే,” అంది అసిమీనా. ఇంకో కాయ వలిచింది. తర్వాత చెప్పింది.

వాళ్ళు చీకటి పడుతుండగా వచ్చారు. ఇద్దరిదీ పక్క ఊరే, మొహాలు తెలుసు. లాజోస్ లోపలికి రాలేదు. బయట గోడ దగ్గర నిలబడి కొండ వైపు చూస్తున్నాడు. అమ్మ వాళ్ళ కాళ్ళ మీద పడింది. ఇంటికొకరు రావాలన్నది ఆజ్ఞ అన్నారు. జుట్టు పట్టుకోలేదు, అది ఆర్గిరిస్ కల్పన. చెయ్యి పట్టుకున్నారు. “చెయ్యి చాలదూ? చెయ్యి పట్టుకుని లాగినా ఈడ్చినట్టే. నా మీద చెయ్యి వేసి తీసుకుపోయారు.”

లాంబ్రినీ రికార్డర్ ఆపబోయింది.

“ఉండు. సగమే అయింది.”

అవతలి సగం ఇది. కొన్నాళ్ళకి వాళ్ళని ఊరి పైనున్న గొర్రెల దొడ్డి మీదుగా తీసుకుపోయారు. నలుగురు ఆడపిల్లలు, కాపలాకి ఒక మనిషి. అతనికి కూతుళ్ళున్నారు. చలిమంట వేసి చెప్పాడు: నేను పడుకుంటున్నాను, దారి అదిగో, పొద్దున లేచి లెక్కపెట్టను, మీ ఇష్టం. ముగ్గురు దిగిపోయారు. కింద ఊళ్ళో దీపాలు కనబడుతున్నాయి. తమ ఇంటి దీపం కూడా.

“నేను పోలేదు,” అంది అసిమీనా.

“ఎందుకు పోలేదు?”

“పోతే ఏముంది? నన్ను మిల్లువాడికి ఇస్తామని ఆర్గిరిస్ మాటిచ్చాడు. పెళ్ళాం పోయినవాడు. దాన్ని ఎలా చూశాడో ఊరంతా చూసింది. నన్ను అడిగారా? అడగలేదు. పైన చలి, ఆకలి. కాని ఆ మనిషి ‘మీ ఇష్టం’ అన్నాడు. ఆ మాట అంతకు ముందు నాతో ఎవరన్నారు? అదెలా ఉంటుందో కాసేపు చూద్దామని కూర్చున్నాను. తెల్లారిపోయింది.”

“పైన బాగుండేదా?”

“ఏం బాగు? గుండ్ల పెట్టెలు వీపు మీద మోశాను. మగాళ్ళ చొక్కాలు ఉతికాను, పేలు ఏరాను. తుపాకీ పట్టానని అచ్చు వేశాడు కదా కిమోన్. పట్టాను. తుడిచి వాళ్ళ చేతికిచ్చేదాన్ని.” గింజలు గిన్నెలో వేసింది. “అయినా ఇంటికి పోయుంటే బాగుండేదని ఒక్కనాడూ అనుకోలేదు. ఇది కూడా రాసుకోమను.”

సైన్యానికి దొరికాక ఆడ ఖైదీలని ఉంచే దీవికి పంపారు. అక్కడ అధికారికి రెండు సగాలూ చెప్పింది. అతను మొదటి సగమే రాసి వేలిముద్ర వేయించుకున్నాడు. పశ్చాత్తాప పత్రం. ఆ రోజుల్లో ఆనవాయితీ ప్రకారం ఆ పత్రం ఊరికొచ్చింది. ఆదివారం ప్రార్థన అయ్యాక పాదిరి అందరి ముందూ చదివాడు. ఆర్గిరిస్ ముందు వరసలో తలెత్తుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత అసిమీనా విడుదలై వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ చర్చి వాకిట్లో కొవ్వొత్తి వెలిగించి తిరిగొచ్చేస్తుంది. లోపల అడుగు పెట్టదు. కిమోన్ మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చినప్పుడు అతనికీ రెండూ చెప్పింది. అతను రెండోది పట్టుకుపోయాడు.

“నాకు రెండు నాలుకల్లేవు లాంబ్రినీ. వినేవాళ్ళకి ఒక్కో చెవే ఉంది,” అంది. “రెండూ కలిపి వినిపిస్తే వినిపించు. లేదా పొయ్యిలో పడెయ్యి. మాటివ్వు.”

లాంబ్రినీ మాటిచ్చింది. అక్కడితో అయిపోయిందనుకుంది. అసిమీనా బల్ల మీది తొక్కలు ఒక పక్కకి ఊడ్చి, తల ఎత్తకుండా, ఊరికే మాట వరసకన్నట్టు అడిగింది.

“మరి నిన్నో? తెచ్చారా, వచ్చావా?”

అలాంటి ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో ఆమె గురించి మాటలు చాలానే వినబడ్డాయి. అత్తగారు దొమ్నా బతికున్నన్నాళ్ళూ అనేది, “మంచి పిల్లని తెచ్చుకున్నాం, నోరు లేదు.” కోపం వస్తే, “కస్తోరియాలో తోళ్ళు కుట్టుకునేదాన్ని తెచ్చి మాస్టారి పెళ్ళాన్ని చేశాం.” తెచ్చుకున్నాం, తెచ్చాం. మార్కెట్ నుంచి తెచ్చిన జాడీ గురించి కూడా దొమ్నా అలాగే చెప్పేది. ఆ జాడీని చలికాలం లోపల పెట్టేవారు.

లాంబ్రినీ చెప్పింది. పెళ్ళికి ముందు తను కస్తోరియాలో యెవ్దొకియా అనే ఆమె కుట్టుగదిలో బొచ్చుతోలు ముక్కలు అతికేది. అతుకు కనబడకుండా కుట్టడంలో తనంతటి పిల్ల లేదనేవాళ్ళు. సంబంధం వచ్చింది, మాస్టారన్నారు, తండ్రి ఒప్పుకున్నాడు. పెళ్ళయిన రెండో ఏడు ఆ తండ్రే పోయాడు. నలభయ్యో రోజు ప్రార్థనకి పొద్దుటి బస్సులో కస్తోరియా వెళ్ళింది. యెవ్దొకియా చర్చి బయట పట్టుకుంది. నీ మిషన్ ఖాళీగానే ఉంది, పైన గది కూడా ఖాళీగానే ఉంది, ఉండిపోతావా అంది. అప్పటికే స్తెర్యోస్ ఒకసారి భోజనం పళ్ళెం గోడకి విసిరాడు. ఉప్పు ఎక్కువైందని. లాంబ్రినీ సంచి పట్టుకుని బస్సు ఆగేచోట నిలబడింది. తిరుగు బస్సు వచ్చింది. ఎక్కింది.

“అందరికీ పిల్లల కోసమే ఉండిపోయానని చెప్పాను. అప్పటికి పిల్లలెక్కడ? భయమని కూడా అనుకున్నాను. భయం కాదు అత్తా.” చేతిలోని గింజ గిన్నెలో వేసింది. “పొద్దున పిండి కలిపి పులియబెట్టి వెళ్ళాను. పొంగి బల్ల మీద కారిపోతుందేమోనని ఎక్కాను.”

అసిమీనా నవ్వలేదు. “రొట్టె బాగా వచ్చిందా?”

“వచ్చింది. మీ వదిన పుల్లగా ఉందంది.”

అప్పుడిద్దరూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలో క్యాసెట్ చివరికొచ్చి టక్కున ఆగింది. అప్పటిదాకా అది తిరుగుతోందన్న సంగతి లాంబ్రినీకి గుర్తే లేదు.

సాయంత్రం స్తెర్యోస్ విన్నాడు. మొదటి సగం వింటున్నప్పుడు బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు. ‘నేను పోలేదు’ దగ్గర వేళ్ళు ఆగాయి. ఇంకొంచెం విని మిల్లువాడి పేరు రాగానే కట్టేశాడు. ఆ పైన వినలేదు. వినే ఓపిక అతనికి ఎప్పుడూ లేదు. బడిలో కూడా పిల్లలు జవాబు సగం చెప్పేసరికి తప్పో ఒప్పో తేల్చేసేవాడు.

ముసలిదానికి మతి చలించిందన్నాడు. మొదటి ముక్క మాత్రం బంగారమన్నాడు. సభలో తను వేదిక మీద మాట్లాడుతూ ఉంటాడు, చెయ్యెత్తగానే లాంబ్రినీ మీట నొక్కాలి. ‘నా మీద చెయ్యి వేసి తీసుకుపోయారు’ అనగానే ఆపాలి.

“రెండూ వినిపిస్తానని మాటిచ్చాను,” అంది లాంబ్రినీ.

“ఎవరికి?”

“అత్తకి.”

“వంటింట్లో ఇచ్చిన మాట కూడా మాటేనా?” అన్నాడు. కోపంతో కాదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

అయితే ఆ మిగతాది చెరిపేయరాదూ అంది ఆమె. స్తెర్యోస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “చరిత్రకారుడు ఆధారాన్ని చెరపడు. ఎక్కడ ఆపాలో తెలుసుకుంటాడు.” తర్వాత మెత్తగా అన్నాడు, నువ్వు కూర్చోనంటే బలవంతం లేదు, మీట నొక్కడానికి ఎవరైనా చాలు, కాఫీ కొట్టువాడి కొడుకు కూర్చుంటాడు. నాన్న పరువు గురించి నీకు పట్టింపు లేకపోతే లేదు.

ఆ కుర్రాడు కూర్చుంటే చెప్పినచోట ఆపుతాడు. లాంబ్రినీ తనే కూర్చుంటానంది. మంచిపిల్లవన్నాడు స్తెర్యోస్.

ఆ రోజు నుంచీ ఆమె కాలు నిలవలేదు. పొయ్యి మీద పాలు పెట్టి బట్టలు ఆరేయడానికి పోయేది. బట్టలు సగం ఆరేసి ఎందుకో మేడ మీదికి ఎక్కేది, ఎందుకొచ్చిందో తెలియక దిగేది. పాలు పొంగి మాడు వాసన వచ్చేది. ఏదో ఒక కిటికీ దగ్గర నిలబడి ఉండేది, ఏమీ చూడకుండా. ఇన్నేళ్ళలో ఆమె తన జీవితాన్ని ఒక బీరువాలా సర్ది పెట్టుకుంది. పిల్లలు పై అరలో, మొగుడి కోపం అడుగున, పైన గుడ్డ. ఇప్పుడు ఎవరో ఆ గుడ్డ లాగేశారు. లాగింది ఎవరో కాదు, గింజలు వలుస్తూ ఊరికే అడిగిన ఒక ముసలామె. తెచ్చారా, వచ్చావా? స్తెర్యోస్‌ని ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారా? మగవాళ్ళని పుట్టిన ఇంట్లోంచి ఎవరూ ఎక్కడికీ తేరు. కూర్చున్నచోటే కూర్చుని వాళ్ళు వచ్చినవాళ్ళ లెక్క రాస్తారు. ఆమె స్తెర్యోస్ బట్టలు ఇస్త్రీ చేస్తూ సభకి వేసుకునే తెల్లచొక్కా మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయింది. చొక్కా మాడింది. ‘చేతులెక్కడ పెట్టుకున్నావు?’ అన్నాడు. చేతులున్నచోటే ఉన్నాయి. మనిషే లేదు.

“కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావేం?” అంది అసిమీనా.

“పండగ పనులు అత్తా.”

“రెండూ వినిపిస్తున్నారుగా?”

“ఆ,” అంది లాంబ్రినీ. అప్పటికి అది అబద్ధం. అబద్ధమని తెలిసే చెప్పింది.

ఒక మధ్యాహ్నం స్తెర్యోస్ కాఫీ కొట్టుకి పోయినప్పుడు ఆమె క్యాసెట్ మొదటి నుంచీ వింది. అత్త మొదటి సగం, రెండో సగం, దీవి, పాదిరి, మిఠాయి పెట్టె. మాటివ్వు అన్న మాట. ఆ తర్వాత గింజలు గిన్నెలో పడే చప్పుడు. ఆ తర్వాత ఆ ప్రశ్న, తన జవాబు. యెవ్దొకియా, పళ్ళెం, బస్సు, పిండి. అన్నీ ఉన్నాయి. ఎర్ర మీట నొక్కి పట్టుకుంటే తన ముక్క మాత్రం చెరిగిపోతుంది. నిమిషం పని. వేలు ఆ మీట మీద పెట్టింది. పెట్టగానే ఆర్గిరిస్ గుర్తొచ్చాడు. దీవిలో అధికారి గుర్తొచ్చాడు. అతను కూడా కలం పట్టుకుని ఇలాగే ఒక్క క్షణం ఆలోచించి ఉంటాడు. వేలు తీసేసింది. చెరపక్కర్లేదు, అనుకుంది. అత్త మాట పూర్తి కాగానే ఆపేస్తే చాలు. మాట నిలబడుతుంది. తన గొడవ తన దగ్గరే ఉంటుంది. అలా అనుకున్నాక నిద్ర పట్టాలి. పట్టలేదు.

పండగ రోజు బడి హాలు నిండిపోయింది. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు కొత్త బూట్లతో, ఊరివాళ్ళు పాత కోట్లతో. ఆర్గిరిస్ వైపువాళ్ళు కుడి పక్కన, లాజోస్ వైపువాళ్ళు ఎడమ పక్కన. కూర్చోమని ఎవరూ చెప్పలేదు. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో పెళ్ళిలోనైనా చావులోనైనా వాళ్ళు అలాగే కూర్చుంటారు. కిమోన్ ఎడమ వైపు ముందు వరసలో తండ్రి పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నాడు. బట్టతల, అలసిన మనిషి. అసిమీనా రెండు వైపులా కాకుండా వెనక తలుపు దగ్గర బడిపిల్లల బల్ల మీద కూర్చుంది. నల్లగుడ్డ తలకి చుట్టుకుంది.

స్తెర్యోస్ చాలాసేపు మాట్లాడాడు. నిష్పాక్షికత అన్నాడు. మా కుటుంబంలోనే గాయం ఉంది గనక నాకంటే ఎవరు నిజాయితీగా రాయగలరన్నాడు. ఎడమ వైపు నుంచి ఎవడో, “మాస్టారూ, మీ నాన్న పుస్తకానికే కొత్త అట్ట వేశావేమో చూసుకో,” అన్నాడు. కుడి వైపువాళ్ళు కసిరారు. స్తెర్యోస్ చిరునవ్వు నవ్వి, పుస్తకాలు పోట్లాడుకోనివ్వండి, మనిషే చెబుతుంది వినండి, అని చెయ్యెత్తాడు.

వేదిక పక్కన చిన్న బల్ల దగ్గర లాంబ్రినీ మీట నొక్కింది.

గొంతు వచ్చింది. హాల్లో తలలన్నీ ఒక్కసారి వెనక్కి, తలుపు వైపు తిరిగి, మళ్ళీ రికార్డర్ వైపు తిరిగాయి. చీకటి పడుతుండగా వచ్చారు. లాజోస్ గోడ దగ్గర నిలబడ్డాడు. కిమోన్ తల దించుకున్నాడు. నా మీద చెయ్యి వేసి తీసుకుపోయారు. స్తెర్యోస్ ఆమె వైపు చూడను కూడా చూడలేదు. సభ వైపే తిరిగి, రెండు చేతులూ కొద్దిగా చాపి, ఇంకేముంది అన్నట్టు నిలబడ్డాడు.

క్యాసెట్ తిరుగుతూనే ఉంది. ఉండు, సగమే అయింది.

అతను తల తిప్పాడు. లాంబ్రినీ అతన్ని చూడలేదు. వెనక తలుపు వైపు చూసింది. గొర్రెల దొడ్డి, చలిమంట, దిగిపోయిన ముగ్గురు, నేను పోలేదు. ఎడమ వైపు గుసగుసలు లేచాయి, ఎవరో చప్పట్లు కొట్టబోయారు. అంతలో గుండ్ల పెట్టెలు, మగాళ్ళ చొక్కాలు, పేలు వచ్చాయి. చప్పట్లు ఆగిపోయాయి. కిమోన్ పుస్తకాన్ని మోకాళ్ళ మీంచి తీసి కుర్చీ కింద పెట్టాడు. కుడి వైపు కదల్లేదు, ఎడమ వైపు కదల్లేదు. వినేవాళ్ళకి ఒక్కో చెవే ఉంది, అంది అసిమీనా గొంతు. వెనకాల ముసలాడవాళ్ళలో ఒకామె గట్టిగా ముక్కు చీదింది.

“ఆపు,” అన్నాడు స్తెర్యోస్ పళ్ళ మధ్య నుంచి. సభకి వినబడకుండా అనాలనుకున్నాడు. అందరికీ వినబడింది.

రెండూ కలిపి వినిపిస్తే వినిపించు. లేదా పొయ్యిలో పడెయ్యి. మాటివ్వు. సరే అత్తా, ఇస్తున్నాను.

అత్త మాట అయిపోయింది. లాంబ్రినీ మాట నిలబడింది. తలుపు దగ్గర అసిమీనా బల్ల మీంచి లేచి, తలగుడ్డ సర్దుకుని, ఇక చాలన్నట్టు ఆమె వైపు తల ఊపింది. ఇప్పుడు ఆపేయొచ్చు. ఆపితే రాత్రికి గొడవవుతుంది. పళ్ళెం గోడకి తగులుతుంది. రేపు పొద్దున మళ్ళీ పొయ్యి వెలుగుతుంది. ఊరు అసిమీనా గురించి మాట్లాడుకుంటుంది, లాంబ్రినీ గురించి కాదు. మీట వేలి కిందే ఉంది. టేపులో గింజలు గిన్నెలో పడుతున్నాయి. టప్, టప్.

ఆమె చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మరి నిన్నో? తెచ్చారా, వచ్చావా?

హాలు మొత్తం లాంబ్రినీ వైపు తిరిగింది. కుడీ ఎడమా తేడా లేకుండా. స్తెర్యోస్ వేదిక మెట్లు దిగి వస్తున్నాడు. వస్తూనే చెయ్యి చాపాడు, మీట కోసం. ఆమె కుర్చీలోంచి లేచి అతనికీ రికార్డర్‌కీ మధ్య నిలబడింది. వెనక నుంచి తన గొంతు వినబడింది. తను అనుకున్నంత సన్నగా లేదది. తెచ్చారు అత్తా, అంది ఆ గొంతు. స్తెర్యోస్ ఆగిపోయాడు.

“కూర్చో స్తెర్యో,” అంది లాంబ్రినీ. “ఇంకా సగం ఉంది.”